తోటలో తొలి జీతం

న్యూయార్క్ నగరంలో బ్రూక్లిన్ ఒడ్డున రెడ్ హుక్ అనే పేట ఉంది. మూడు వైపులా నీళ్లు, నాలుగో వైపు ఎత్తుగా కట్టిన ఎక్స్‌ప్రెస్‌వే. ఒకప్పుడు ఓడల్లో సరుకు ఎక్కించే, దించే పనులతో సందడిగా ఉండేది. కంటైనర్లు వచ్చాక ఆ సరుకంతా వేరే రేవులకు తరలిపోయింది. దాని వెంటే కూలిపనులూ పోయాయి. మిగిలింది బ్రూక్లిన్‌లోకెల్లా పెద్దదైన ప్రభుత్వ గృహ సముదాయం, అందులో పనీపాటా దొరకని కుర్రకారు, తాజా కూరగాయ కావాలంటే బస్సెక్కి వెళ్లాల్సిన కుటుంబాలు. 2001లో ఇయాన్ మార్వీ, మైఖేల్ హర్విట్జ్ అనే ఇద్దరు ఆ పేట పిల్లలకు పని నేర్పుదామని యాడెడ్ వాల్యూ అనే సంస్థ పెట్టారు. సాగుకు వాళ్లకు దొరికిన నేల ఓ పాడుబడ్డ ఆటస్థలం. రెండు ముప్పావు ఎకరాలు. నేలంతా తారు.

ఆ తారును తవ్వలేదు. దాని మీదే మందంగా కంపోస్టు పోసి మడులు కట్టారు. పాత ఫ్యాక్టరీల వాడలో తారు కింది మట్టిలో ఏముందో ఎవరికి తెలుసు! పైన పోసిన ఎరువులోనే వేళ్లు నిలదొక్కుకున్నాయి. పాలకూర, టమాటా, బీన్స్, కేల్ ఆకు వచ్చాయి. పండించింది పేటలోనే సంతబల్ల పెట్టి అమ్మారు. హైస్కూలు వయసు పిల్లలు నారు పోశారు, కలుపు తీశారు, తూకం వేశారు, చిల్లర లెక్కపెట్టారు. ఊరికే కాదు, జీతానికి. 2012 అక్టోబరులో శాండీ తుఫాను వచ్చి సముద్రాన్ని తోట మీదకు తోసింది. ఏళ్ల తరబడి కూడబెట్టిన ఎరువంతా ఉప్పునీట మునిగింది. చేతికొచ్చిన పంట పోయింది. పిల్లలూ పెద్దలూ కలిసి శుభ్రం చేసుకుని, కొత్త ఎరువు పోసుకుని మళ్లీ విత్తారు.

ఇలాంటి తోటలు ఇప్పుడు అమెరికాలో చాలా నగరాల్లో ఉన్నాయి. వాటి గురించి మనకు ఎక్కువగా చేరేది పచ్చటి ఫొటోలు, ‘డాబా మీద విప్లవం’ తరహా శీర్షికలు. అసలు సంగతి అది కాదని నా నమ్మకం. పదహారేళ్ల నుంచి పాతికేళ్ల లోపు వాళ్లకు, ఇంట్లో రోజూ పనికి వెళ్లి వచ్చే మనిషిని చూడకుండా పెరిగిన వాళ్లకు, మొదటి కొలువు ఎలా ఉండాలి అన్న ప్రశ్నకు ఈ తోటలు ఒక జవాబు చెప్పాయి. ఆ జవాబులో గట్టిదనం ఉంది, కొన్ని చిల్లులూ ఉన్నాయి. రెండూ చూడాలి.

ముందుగా మిల్వాకీ వెళ్దాం. విస్కాన్సిన్ రాష్ట్రంలో మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న ఈ నగరం యంత్రాల తయారీకి పేరుమోసింది. ట్రాక్టర్లు చేసే ఆలిస్ చామర్స్ 1987లో దివాలా తీసింది. కార్ల అడుగుభాగాలు తయారుచేసే ఏ.ఓ. స్మిత్ తన ఆటోమొబైల్ విభాగాన్ని 1997లో అమ్మేసింది. హైస్కూలు చదువుతో ఫ్యాక్టరీలో చేరి, ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని చదివించుకునే దారి అలా మూసుకుపోయింది. ఆ దెబ్బ అందరికన్నా ఎక్కువగా తగిలింది నల్లజాతి కుటుంబాలకు.

1993లో విల్ అలెన్ అనే సేల్స్‌మన్ కారులో వెళ్తూ నగరం ఉత్తరాన సిల్వర్ స్ప్రింగ్ డ్రైవ్‌లో అమ్మకానికి పెట్టిన ఓ పాత నర్సరీని చూశారు. మూడెకరాల లోపు స్థలం, శిథిలావస్థలో ఉన్న గాజు గ్రీన్‌హౌస్‌లు. అలెన్ ఆరడుగుల ఏడంగుళాల మనిషి. మయామీ విశ్వవిద్యాలయం జట్టులో బాస్కెట్‌బాల్ ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు. తర్వాత బెల్జియంలో ప్రొఫెషనల్‌గా ఆడారు. తండ్రి దక్షిణ కరోలినాలో కౌలు చాకిరీ వదిలి ఉత్తరానికి వచ్చిన రైతు. మేరీలాండ్‌లో పొలం పనులు చేస్తూ పెరిగిన అలెన్, మళ్లీ ఆ జోలికి వెళ్లనని చిన్నప్పుడే అనుకున్నారట. బెల్జియంలో సహచర ఆటగాడి ఇంట బంగాళాదుంపలు నాటుతున్నప్పుడు ఆ పట్టుదల సడలింది. ఆట అయిపోయాక కెంటకీ ఫ్రైడ్ చికెన్‌లో, ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో పనిచేసి, చేతిలో ఉన్నది పెట్టి ఆ నర్సరీ కొన్నారు. దగ్గర్లోనే వెస్ట్‌లాన్ ఉంది. రాష్ట్రంలోకెల్లా పెద్ద ప్రభుత్వ గృహ సముదాయం. అక్కడి పిల్లలు వచ్చి తోటపని నేర్పమన్నారు. ఆ మూడెకరాల్లోంచే గ్రోయింగ్ పవర్ అనే సంస్థ పుట్టింది.

మిల్వాకీ చలికాలం సున్నాకు చాలా కిందికి దిగుతుంది. గ్రీన్‌హౌస్‌ను గ్యాసుతో వేడి చేస్తే కూరగాయల డబ్బు బిల్లుకే చాలదు. అలెన్ గ్రీన్‌హౌస్ గోడల వెంట కంపోస్టు గుట్టలు పోయించారు. బీరు ఫ్యాక్టరీల నుంచి వచ్చే పిప్పి, కాఫీ పొడి, హోల్‌సేల్ మార్కెట్లో కుళ్లిన కూరగాయలు, చెక్కపొట్టు. గుట్ట లోపల సూక్ష్మజీవులు పనిచేస్తున్నంతసేపూ వేడి పుడుతుంది, ఆ వేడితో లోపల ఆకుకూర బతుకుతుంది. కుళ్లినదాన్ని తర్వాత వానపాములకు వేస్తే ఎరువు. ఇంకో పక్క నేలలోకి తవ్విన పొడవాటి తొట్లలో తిలాపియా చేపలు. చేపల మలంతో బరువెక్కిన నీటిని పంపుతో పైనున్న కంకర మడుల్లోకి ఎక్కిస్తారు. కంకరలో ఉండే బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తుంది. అది మొక్కకు తిండి. మొక్క పీల్చుకున్నాక శుభ్రపడిన నీరు మళ్లీ చేపల తొట్లోకి జారుతుంది. ఇందులో ఏ ముక్కా కొత్తది కాదు. మురికివాడలో పెరిగిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు రోజూ పొద్దున నీళ్లలో అమ్మోనియా ఎంతుందో కొలిచి, పుస్తకంలో రాసి, ఎక్కువైతే చేపలు చచ్చిపోతాయి కాబట్టి వెంటనే పెద్దవాళ్లకు చెప్పాలి. కొత్తగా ఉన్నది అది. రసాయన శాస్త్రం మార్కుల కోసం చదవడం వేరు, వెయ్యి చేపల ప్రాణం మీదకు వచ్చినప్పుడు చదవడం వేరు.

ఈ తోటలకు రోజువారీ డబ్బు తెచ్చే పంట ఒకటుంది. పొద్దుతిరుగుడు మొలకలు, బఠానీ తీగ చిగుళ్లు. ఎలా చేస్తారంటే, పొద్దుతిరుగుడు గింజల్ని రాత్రంతా నానబెడతారు. లోతు తక్కువ ప్లాస్టిక్ ట్రేలో కొబ్బరిపీచు పొట్టు, వానపాముల ఎరువు కలిపి పరిచి, గింజల్ని సందు లేకుండా చల్లుతారు. పైన మరో ట్రే బోర్లించి కొద్దిరోజులు చీకట్లో ఉంచితే, పైకి వెతుక్కుంటూ కాడలు ఒక్కతీరుగా లేస్తాయి. మూత తీసి వెలుతురులో పెట్టగానే రెండు ఆకులు విచ్చుకుంటాయి. పది పన్నెండు రోజులకు కోత. మూడో ఆకు కనబడిందా, రుచి చేదెక్కుతుంది, హోటల్ వాళ్లు కొనరు. అంటే సోమవారం చల్లాల్సిన ట్రే బుధవారం చల్లితే పై వారం గురువారం హోటల్‌కు ఇస్తామన్న సరుకు ఉండదు. నీళ్లు ఎక్కువైతే బూజు, తక్కువైతే వాలిపోవడం. కోసేటప్పుడు గింజ తొక్క ఆకుకు అంటుకుని ఉంటే విదిలించాలి. కడిగి, ఆరబెట్టి, సంచిలో వేసి, తూచి, తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఈ పన్నెండు రోజుల్లో ఒక కొలువు మొత్తం ఉంది. ఆర్డరు చూసి వెనక్కి లెక్క వేయడం, నిన్నటి షిఫ్టు వాళ్లు వదిలిన పని అందుకోవడం, చేతులు కడుక్కోవడం దగ్గర బద్ధకించకపోవడం, తప్పు జరిగితే హోటల్‌కు తానే ఫోన్ చేసి చెప్పడం. ఫ్యాక్టరీలోనో ఆఫీసులోనో కొత్త కుర్రాడు చేసిన పనికి ఫలితం ఎక్కడో, ఎప్పుడో తేలుతుంది. ఇక్కడ పదో రోజున ట్రేలో కనబడుతుంది. సంజాయిషీ చెప్పుకోవడానికి చోటు లేదు, మంచి పేరు దక్కకుండా పోయే భయమూ లేదు. మామిడి తోట పెట్టి ఐదేళ్లు ఆగమంటే ఏ కుర్రాడూ ఆగడు. తొందరగా చేతికొచ్చే పంటతో మొదలుపెట్టాలన్న తెలివి ఈ శిక్షణలకు వెన్నెముక.

బోస్టన్‌లో ది ఫుడ్ ప్రాజెక్ట్ అనే సంస్థ ఇంకో పని చేసింది. 1991లో వార్డ్ చీనీ అనే రైతు దీన్ని బోస్టన్ బయట లింకన్ అనే సంపన్నుల ఊళ్లో మొదలుపెట్టారు. తర్వాత నగరంలోని డడ్లీ వీధి ప్రాంతానికి విస్తరించింది. డడ్లీ కథ వేరే రాయాల్సినంత పెద్దది. యజమానులే బీమా డబ్బు కోసం ఇళ్లు తగలబెట్టుకోగా వందల కొద్దీ ఖాళీ జాగాలు మిగిలాయి. రాత్రిళ్లు లారీల్లో చెత్త తెచ్చి అక్కడ కుమ్మరించేవారు. 1984లో స్థానికులు సంఘం కట్టి, ఆ జాగాల మీద హక్కు కోసం పోరాడి సాధించారు. అలా చేతికొచ్చిన నేలలో కొన్ని ముక్కలు సాగులోకి వచ్చాయి. పాడుబడ్డ ఓ మోటారు గ్యారేజీ స్థలంలో పదివేల చదరపు అడుగుల గ్రీన్‌హౌస్ లేచింది.

పాత నగరాల మట్టిలో సీసం ఉంటుంది. అమెరికాలో ఇళ్లకు సీసం కలిపిన రంగులు వేయడం 1978లో గానీ నిషేధించలేదు. గోడల నుంచి రాలిన పెచ్చులు, పాత పెట్రోలు పొగ అన్నీ పెరట్లోనే చేరాయి. సీసం పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. అందుకే ఇక్కడ పిల్లలకు నేర్పే మొదటి పాఠాల్లో మట్టి పరీక్ష ఒకటి. చెక్క పలకలతో ఎత్తు మడులు కట్టి, బయటి నుంచి తెచ్చిన శుభ్రమైన మట్టి నింపడం మరొకటి. ఇరుగుపొరుగు ఇళ్లలో కూడా ఈ మడులు కట్టిపెడతారు. కొలత, రంపం, స్క్రూడ్రైవర్, ఇంటావిడతో మర్యాదగా మాట్లాడడం అన్నీ ఒకే పూట నేర్చుకుంటారు.

ఫుడ్ ప్రాజెక్ట్ వేసవి జట్లలో పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల వాళ్లు ఉంటారు. నగరపు నల్లజాతి, లాటినో, కేప్ వెర్డే కుటుంబాల పిల్లలను, శివారు ఊళ్ల తెల్లవాళ్ల పిల్లలను కావాలనే ఒకే జట్టులో వేస్తారు. అందరికీ ఒకే జీతం. చేరిన రోజునే నియమాల కాగితం చేతికిస్తారు. ఆలస్యంగా వస్తే ఏమవుతుంది, పని చేయకుండా కూర్చుంటే ఏమవుతుంది, తోటివాణ్ణి తిడితే ఏమవుతుంది అంతా అందులో ఉంటుంది. మొదటిసారి హెచ్చరిక, తర్వాత జీతంలో కోత, మరీ మితిమీరితే ఉద్వాసన. అయితే ఆ కాగితంలో ఒక మంచి మలుపుంది. తర్వాతి వారం సరిగ్గా పనిచేస్తే కోసిన డబ్బు తిరిగి సంపాదించుకోవచ్చు.

వారానికోసారి జట్టంతా గుండ్రంగా కూర్చుంటుంది. దీన్ని స్ట్రెయిట్ టాక్ అంటారు. జట్టు నాయకుడు ఒక్కొక్కరి పేరు పిలిచి, అందరి ఎదుటా, ఈ వారం నువ్వు బాగా చేసిందిది, మార్చుకోవాల్సిందిది అని చెప్తాడు. మంచి మాట కూడా ‘శభాష్’ అని వదిలేయకూడదు. ‘మంగళవారం ఎండలో అందరూ నీడకు పోతే నువ్వొక్కదానివే ఆ వరస పూర్తిచేసి వచ్చావు’ అన్నంత వివరంగా ఉండాలి. చెడ్డ మాటా అంతే. ‘నీకు బాధ్యత లేదు’ అనకూడదు. ‘బుధవారం నీళ్ల గొట్టం కట్టకుండా వెళ్లావు, రెండు మడులు కొట్టుకుపోయాయి’ అనాలి. కొన్ని వారాలకు పిల్లలు కూడా ఒకరికొకరు ఇలా చెప్పుకుంటారు, నాయకులకూ చెప్తారు.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. మన ఇళ్లలో, బడుల్లో పిల్లలకు రెండే రకాల మాటలు వినబడతాయి. తిట్టు, లేకపోతే ముద్దు. నీ పని ఎక్కడ బాగుంది, ఎక్కడ చెడింది అని గొంతు పెంచకుండా చెప్పే పెద్దమనిషి పదహారేళ్ల వయసులో ఎంతమందికి దొరుకుతాడు? డిగ్రీ అయ్యాక, ఉద్యోగంలో చేరాక, మేనేజరు ముందు తొలిసారి ఆ మాట విని కుంగిపోయే పిల్లల్ని మనమందరం చూస్తూనే ఉన్నాం.

సరే, ఇదంతా వినసొంపుగా ఉంది, ఫలితం ఏమిటి? తోటల ప్రచార పత్రాలు చూసి తేల్చలేం. షికాగోలో జరిగిన ఒక పరిశోధన ఇక్కడ అక్కరకొస్తుంది. నగరపాలక సంస్థ 2012 వేసవిలో, హింస ఎక్కువగా ఉన్న 13 హైస్కూళ్ల పిల్లలకు ఎనిమిది వారాల ఉద్యోగాలిచ్చింది. వారానికి 25 గంటలు, గంటకు కనీస వేతనం 8.25 డాలర్లు. వేసవి శిబిరాల్లో చిన్నపిల్లల్ని చూసుకోవడం, సామాజిక తోటల్లో పనిచేయడం, వార్డు ప్రతినిధుల ఆఫీసుల్లో సహాయకులుగా ఉండడం లాంటి పనులు. దరఖాస్తు చేసిన 1,634 మందిలో ఎవరికి ఉద్యోగం ఇవ్వాలో లాటరీ తీశారు. కాబట్టి దొరికినవాళ్లనూ దొరకనివాళ్లనూ నిజాయతీగా పోల్చే వీలు కలిగింది. సారా హెల్లర్ అనే ఆర్థికవేత్త ఆ లెక్క చూసి 2014లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. పదహారు నెలల్లో, ఉద్యోగం దొరికిన పిల్లలు హింసాత్మక నేరాల్లో అరెస్టు కావడం 43 శాతం తగ్గింది. వందమందిని తీసుకుంటే దాదాపు నాలుగు అరెస్టులు తక్కువ. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం ఉద్యోగం ముగిసిన తర్వాతి నెలల్లోనే కనబడింది. అంటే పనిలో ఉన్నారు కాబట్టి అల్లరికి తీరిక లేకపోయిందని కొట్టిపారేయలేం. వాళ్లలో ఏదో మారింది.

హెల్లర్ తర్వాత ఉద్యోగాల లెక్క కూడా చూశారు. అక్కడ అంత సంతోషం లేదు. సగటు మీద చూస్తే, ఆ వేసవి పని వల్ల తర్వాత మామూలు ఉద్యోగాలు దొరకడం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. వయసులో చిన్నవాళ్లకు, బడితో ఇంకా తెగతెంపులు చేసుకోని వాళ్లకు, అరెస్టు చరిత్ర లేనివాళ్లకు మాత్రం మేలు జరిగింది. ఎనిమిది వారాల పనితో అందరికీ కొలువు దొరికిపోతుందని చెప్పేవాళ్ల మాట నమ్మకూడదు. అలాగని ఒక కుర్రాడు కత్తి పట్టకుండా ఆగడం చిన్న సంగతి కాదు. ఆ రెండు మాటల్నీ కలిపే చెప్పాలి.

వేసవి చాలదని గ్రహించినవాళ్లు షికాగోలోనే ఉన్నారు. షికాగో బొటానిక్ గార్డెన్ నడిపే విండీ సిటీ హార్వెస్ట్‌లో హైస్కూలు పిల్లల తోటలతో మొదలై, పెద్దవాళ్లకు తొమ్మిది నెలల శిక్షణ దాకా మెట్లున్నాయి. డేలీ కాలేజీతో కలిసి ఇచ్చే సర్టిఫికెట్ అది. తరగతి, పొలం, ఆ తర్వాత నిజమైన తోటలో అప్రెంటిస్. జైలు నుంచి బయటికొచ్చిన యువకులకూ అక్కడ పని ఉంది. నగరపు భారీ ప్రదర్శనశాల మెక్‌కార్మిక్ ప్లేస్ కప్పు మీద 2013 నుంచి వాళ్ల తోట నడుస్తోంది. దాదాపు ఇరవైవేల చదరపు అడుగులు. పంట కింద ఉన్న వంటశాలకే వెళ్తుంది. ఇంకొక తోట బ్రాన్జ్‌విల్‌లో, ఒకప్పుడు రాబర్ట్ టేలర్ హోమ్స్ ఉన్న చోట. పదహారంతస్తుల బ్లాకులు 28, అమెరికాలో పేదరికానికి మారుపేరుగా నిలిచిన ఆ సముదాయాన్ని 2007 నాటికి పూర్తిగా కూల్చేశారు. ఆ నేల మీద ఇప్పుడు శిక్షణ పూర్తిచేసినవాళ్లు చిన్న మడులు అద్దెకు తీసుకుని సొంత వ్యాపారం మొదలుపెడుతున్నారు. మడి, నీళ్లు, కూలర్, పనిముట్లు ఇచ్చి, కొంతకాలం చేయి పట్టుకుని, తర్వాత వదిలేస్తారు.

అయితే వీళ్లలో చాలామంది రైతులు కారు. కావాలని ఎవరూ అనుకోవడం లేదు కూడా. హోటల్ వంటిళ్లు, సూపర్ మార్కెట్ కూరగాయల విభాగం, పార్కుల శాఖ, నర్సరీలు, ఆహార బ్యాంకుల గోదాములు, డెలివరీ వ్యాన్లు, ఆ పైన కాలేజీ. తోట నేర్పిన అలవాట్లు అక్కడ పనికొస్తాయి. శిక్షణ పొందినవాళ్లలో ఎంతమంది సాగులో ఉన్నారని అడగడం తప్పు ప్రశ్న. ఎంతమంది ఏడాది తర్వాత ఏదో ఒక పనిలో నిలిచి ఉన్నారన్నదే అడగాలి.

ఇక డబ్బు సంగతి. గ్రోయింగ్ పవర్ పేరు దేశమంతా మోగింది. 2008లో అలెన్‌కు మెకార్తర్ ఫెలోషిప్ కింద ఐదు లక్షల డాలర్లు వచ్చాయి. 2010లో మిషెల్ ఒబామా ‘లెట్స్ మూవ్’ ఉద్యమం ప్రారంభించినప్పుడు ఆయన పక్కనున్నారు. ఆ ఏడే టైమ్ పత్రిక వందమంది ప్రభావశీలుల జాబితాలో పేరొచ్చింది. 2011లో వాల్‌మార్ట్ పది లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. తీసుకున్నందుకు చాలామంది మిత్రులు నొచ్చుకున్నారు. తోటలు పెరిగాయి, శిక్షణలు పెరిగాయి, జీతాల పట్టిక పెరిగింది. అప్పులూ పెరిగాయి. 2017 నవంబరులో సంస్థ మూతపడింది.

ఈ మూతపడడాన్ని చూపి, చూశారా పట్టణ సాగు గిట్టదు అన్నవాళ్లున్నారు. నాకు మరోలా అనిపిస్తుంది. మొలకల ట్రే అమ్మితే వచ్చే డబ్బు, ఆ ట్రేను నేర్పరి అయిన మనిషి పెంచితే ఖర్చుపోను మిగులుతుంది. అదే ట్రేను తొలిసారి చేస్తున్న కుర్రాడు పెంచితే మూడింటిలో ఒకటి బూజు పడుతుంది. పక్కన నిలబడి చెప్పడానికి ఓ పెద్దమనిషికి జీతమివ్వాలి. కుర్రాడికీ జీతమివ్వాలి. ఆ నష్టమే శిక్షణ. దాన్ని పాలకూర కట్టలు అమ్మి పూడ్చమనడం, ఐటీఐ విద్యార్థులు తయారుచేసిన బోల్టులు అమ్మి లెక్చరర్ల జీతాలు ఇచ్చుకోమన్నట్టే. బడికి ప్రభుత్వం డబ్బిస్తుంది కదా, తోటలో నడిచే బడికీ అలాగే ఇవ్వాలి. విరాళాల మీద, ఒక గొప్ప మనిషి పేరు మీద నడిచినంతకాలం ఇది ఎప్పుడైనా కూలిపోవచ్చు. గ్రోయింగ్ పవర్ మూతపడ్డా, దాని షికాగో తోటల్ని అలెన్ కూతురు ఎరికా నిలబెట్టారు. లారెల్ సిమ్స్‌తో కలిసి అర్బన్ గ్రోయర్స్ కలెక్టివ్ అనే కొత్త సంస్థ పెట్టి, యువజన శిక్షణ కొనసాగిస్తున్నారు. పాత బస్సును కూరగాయల దుకాణంగా మార్చి దుకాణాలు లేని వీధులకు తిప్పుతున్నారు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. నల్లజాతి పిల్లవాణ్ణి ‘పొలం పనికి రా’ అని పిలవడం చిన్న విషయం కాదు. పూర్వీకులు బానిసలుగా, తాతముత్తాతలు కౌలు చాకిరీలో నలిగిన నేల అది. మా అబ్బాయి చేతికి మళ్లీ పార ఇస్తారా అని తల్లులు అడిగారు. ఈ తోటలు ఆ ప్రశ్నను దాటవేయలేదు. నేల ఎవరిది, లాభం ఎవరికి, చరిత్ర ఏమిటి అన్నవి పాఠాల్లో భాగమయ్యాయి. జీతం చెక్కు ఇవ్వడం, ధర నిర్ణయించే చర్చలో పిల్లల్ని కూర్చోబెట్టడం అందులోంచి వచ్చినవే.

మన దగ్గరా ఆ ప్రశ్న ఉంది, రూపం వేరు. అనంతపురం నుంచో పాలమూరు నుంచో అప్పులపాలైన పొలం వదిలి హైదరాబాదు వచ్చిన తండ్రి, ‘మేం పడ్డ కష్టం నువ్వు పడొద్దు బిడ్డా’ అని కొడుకును డిగ్రీలో చేర్పిస్తాడు. ఆ కొడుకును మళ్లీ మట్టి పనికి పిలిస్తే ఆ తండ్రి నొచ్చుకుంటాడు. అది న్యాయమైన నొప్పే.

మరోవైపు నగర సాగు మనకు కొత్త కాదు. కథకుడు తుమ్మేటి రఘోత్తమ రెడ్డి నారపల్లిలో తన డాబా మీద పెంచిన మిద్దెతోట ఎంతోమందికి దారి చూపింది. తెలుగు పత్రికలు, వాట్సాప్ బృందాలు ఇంటిపంటను ఇంటింటి మాట చేశాయి. విత్తనాలు ఇచ్చిపుచ్చుకుంటారు, పురుగుకు వేపనూనె ఎంత కలపాలో చెప్పుకుంటారు. ఎంతో మంచి పని. కానీ మిద్దె ఉన్నవాళ్లది ఆ తోట. బస్తీలో రేకుల ఇంట్లో, ఒక గదిలో నలుగురు ఉండే ఇంటర్ ఫెయిలైన కుర్రాడికి డాబా లేదు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 2015లో మొదలైనప్పటి నుంచి ‘గార్డెనర్’ కూడా నేర్పదగిన వృత్తుల జాబితాలో ఉంది. సర్టిఫికెట్ వస్తుంది. నిజమైన కొనుగోలుదారు కోసం, జీతానికి, జట్టుగా పనిచేసిన అనుభవం ఆ కాగితంతో రాదు.

అమెరికా నమూనాను ఉన్నదున్నట్టు ఎత్తుకొచ్చినా కుదరదు. వాళ్లకు వేసవి సెలవులే పంటకాలం. మనకు ఏప్రిల్, మే నెలల్లో డాబా స్లాబ్ మీద కాలు పెట్టలేం, ఆకుకూర మాడిపోతుంది. మన నగరాల్లో ఈ శిక్షణ వానలు పడ్డాక మొదలై ఫిబ్రవరి దాకా, కాలేజీ అయ్యాక సాయంత్రాలూ ఆదివారాలూ నడవాలి. మొలకల ట్రేలు కొనే హోటళ్లు మనకు తక్కువ. ఆ స్థానంలో మెంతికూర ఉంది, మూడు వారాల్లో చేతికొస్తుంది. తోటకూర నెల తిరగకుండా కోతకొస్తుంది. మొదటి నెల జీతంతో పాటే మొదటి కట్ట కూడా చూపించొచ్చు. స్థలానికి ప్రభుత్వ పాఠశాలల ఆవరణలు, హాస్టళ్ల వెనక ఖాళీ జాగాలు చూడాలి. సంక్షేమ హాస్టల్ వంటిల్లే కొనుగోలుదారు అయితే అమ్మకం కోసం తిరగనక్కర్లేదు, రేపు పొద్దున ఏడింటికి ఇన్ని కిలోలు కావాలన్న గడువు కూడా పిల్లల ముందు ఉంటుంది. పదిమందికి ఒక మేస్త్రి ఉండాలి. ఆ మేస్త్రి పొలం వదిలి నగరానికి వచ్చి ఇప్పుడు వాచ్‌మన్‌గా నిలబడ్డ రైతే ఎందుకు కాకూడదు? అతనికి మెంతి మడి కట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు. నేర్పాల్సిందల్లా ఆ పదిమంది పిల్లల్ని వారానికోసారి కూర్చోబెట్టి, తిట్టకుండా, ఎవరి పని ఎక్కడ బాగుందో ఎక్కడ చెడిందో చెప్పడం. దానికి వారం రోజుల తర్ఫీదు చాలు. వాచ్‌మన్ జీతం కన్నా ఎక్కువ ఇచ్చే పద్దు ఒకటి, పిల్లల జీతానికి మరో పద్దు. ఏ శాఖ బడ్జెట్‌లో ఈ రెండూ పెడతారో జూన్ లోపు తేల్చుకోగలిగితే ఈ ఏటి వానలకే మడులు కట్టొచ్చు.